మూసిన తూము కాడ పెద్దన్న

బుధవారం, రాత్రి

ఈ పొద్దు మా పెద్దన్న పెద్దకడుబూరు నుంచి నేను కాపలా ఉండే తూము కాడికి వచ్చినాడు. ఆయన మిరప చేను వాడిపోతాంది. ఈ వారం కాలవ నీళ్లన్నీ ఆదోని తాగునీటి చెరువుకే పోవాలని, పొలాల తూములు మూసి తాళం వేసే పని నాకు అప్పజెప్పినారు.

"ఒక్క తడి చాలు పాపా. తూము తలుపు నాలుగు వేళ్ల మందం లేపు. ఎవురు చూస్తారు?" అన్నాడు.

"ఆదోనిలో కొళాయిలు రాక ఐదు దినాలాయ అన్నా. అందరూ నాలుగు వేళ్లు లేపితే ఆడికి ఏం చేరుతాది?"

అన్నానే గానీ ఆయన మొగం చూడలేకపోతిని.

అన్న చెప్పులిడిచి కాలవలో మోకాళ్ల లోతు దిగి నిలబడినాడు. నేను గట్టు మీద కూర్చుని చూస్తా ఉంటి. ఎంతసేపు చూసినానో, నీళ్లు నిలిచిపోయి, మేమిద్దరమే గట్టుతో సహా తుంగభద్ర వైపు మెల్లగా తేలిపోతాన్నట్టు అనిపించింది. ఆడ మాకు చేనూ లేదు, తాళమూ లేదు. ఎంత హాయిగా ఉండిందో!

బండికి కట్టుకొచ్చిన రెండు క్యాన్లు అన్న ముంచుతాంటే ఆ చప్పుడుకి తెలివొచ్చింది.

"మొదటి సాలుకైనా చెంబుతో పోసుకుంటా. ఇది కూడా తప్పేనా పాపా?"

నేను దిగిపోయి ఒక క్యాను ఎత్తి బండి మీద పెట్టినాను.

తప్పే అయింటుంది. ఆదోనిలో ఏ ఇంట్లో బిందె ఆ మేరకు వెలితిగా ఉందో ఈ రాత్రి...