దూడకు పోసిన నీళ్ళు

అత్తయ్యా,

మీ సంవత్సరీకం అయిన నెలకే గృహప్రవేశం చేశాం. మీరు కోరినట్టే మాకన్నా ముందు దూడే కొత్తింట్లో అడుగుపెట్టింది. మాఘమాసంలో మంచి ముహూర్తమని మీ అబ్బాయి పట్టుబట్టారు. ఆ రోజు ఇక్కడ, ఈ చలిదేశంలోని మా ఊరు అరోరాలో మంచు మోకాలిలోతు ఉంది.

ఊరవతల డెయిరీ నడిపే పెద్దాయన దూడను ట్రక్కులో తెచ్చాడు. ఒంటికి పేడ అంటుకుందని గరాజ్ ముందు గోరువెచ్చని నీళ్ళతో కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టాం. పంతులుగారి మంత్రాలు అయ్యేసరికి దాని వెంట్రుకలు గడ్డకట్టి పుల్లల్లా నిలబడ్డాయి. అది వణుకుతుంటే మేం కెమెరాలో రీలు అయిపోయేదాకా ఫోటోలు తీసుకున్నాం.

ట్రక్కులో కూర్చున్న పెద్దాయన అది చూసి పరిగెత్తుకొచ్చాడు. “వై ఈజ్ షీ వెట్?” అని అరిచాడు.

“ఇట్స్ అవర్ కస్టమ్,” అన్నారు మీ అబ్బాయి.

ఆయన తన కోటు విప్పి దూడకు కప్పి, నన్ను తువ్వాలు అడిగాడు.

చలికాలం తెల్లవారకముందే లేచి దూడలకు గోనెపట్టాలు కట్టేదాన్నని మీరెన్నిసార్లు చెప్పారో! అన్నీ విన్నదాన్నే. చుట్టాలకు పెట్టడానికి తెచ్చిన కొత్త తువ్వాళ్ళు నా పక్కనే పళ్ళెంలో ఉన్నాయి. వాటిని దాటుకుని లోపలికి పరిగెత్తాను.

దూడ బతికింది. చలికి గడ్డకట్టిన చెవుల కొసలు మాత్రం దక్కవన్నాడు పెద్దాయన.

దానికి హారతిచ్చిన చేతులే, అత్తయ్యా, పాత తువ్వాలు కోసం అట్టపెట్టెలన్నీ వెతికాయి.