డబుల్స్ లేవు

జూన్ 8

స్టార్టయింది! ఆరేళ్లుగా కొట్టంలో పడి ఉన్న నాయన మోపెడ్ పొగ కక్కుతూ లేచింది. పిస్టన్ పాత ఇనుము కొనే గుజిరీ అంగడిది. క్రాంకు ఇంకెవరిదో పాత బండిది. రింగులొక్కటే కొత్తవి. నేనూ మెకానిక్ తిప్పేషూ కలిసి బిగించాం. కొను, పారెయ్ అనే ఈ మార్కెట్‌కు ఇదే మా జవాబు.

తిప్పేష్ షరతులు పెట్టాడు. ఐదొందల కిలోమీటర్లు రన్నింగ్ ఇన్, అంటే ఇంజిన్ కుదురుకునేదాకా మెల్లగా నడపాలి. యాక్సిలరేటర్ సగం దాటకూడదు. పెట్రోల్‌లో ఆయిలు కాస్త ఎక్కువ. డబుల్స్ అసలే లేవు, వెనక ఎవరూ ఎక్కకూడదు. సిలిండర్‌కు ఇదే ఆఖరి బోరింగ్, ఇంక కోసేదానికి ఇనుము లేదప్పా, పిస్టన్ పట్టేసిందంటే బండి నేరుగా గుజిరీకే అన్నాడు.

పట్టదు. నేను చూసుకుంటాను.

జూన్ 10

పక్కింటి ఆంజినమ్మత్త విత్తనం కాయలు వలిచే కూలికి కళ్యాణదుర్గం పోతుంది. మెయిన్ రోడ్డు క్రాస్ దాకా నాలుగు కిలోమీటర్లు నడక. అక్కడ ఆటో తప్పితే ఆ రోజు కూలి పోయినట్టే. ఈ రోజు ఖాళీ సీటుతో ఆమెను దాటబోయి, మర్యాదకు ఆపి, ఇంజిన్ కొత్తది, ఎక్కించుకోలేనని చెప్పాను. పాత సామాన్లే కదప్పా, కొత్తది యాడ నుంచి వచ్చె అంది. కరపత్రాలు పంచేటప్పుడు అందరిదీ అందరికీ అని అరిచేది నువ్వే కదా, మరి ఎనక సీటు ఎవురికి పెట్టినావు, దేవునికా అంది. వెంట ఉన్న ఆడవాళ్లంతా ఒకటే నవ్వు.

కోపం వచ్చింది. కిక్కు కొట్టి వచ్చేశాను.

జూన్ 11

అత్తకు ఎదురుపడకూడదని రోడ్డు వదిలి, ఎండిన వంక వెంబడి పోయాను. సిగ్గుచేటు.

జూన్ 13, మధ్యాహ్నం

రాయదుర్గం రోడ్డులో మా ఊరి ఉదయ్ కుమార్ కొత్త బైకు మీద దాటిపోతూ, ఏమన్నా, తోసేదా అని అరిచాడు. యాక్సిలరేటర్ పూర్తిగా మెలిపెట్టాను. ఎత్తు ఎక్కుతుండగా ఇంజిన్ గొంతు సన్నబడి టక్కున ఆగింది. కిక్కు దిగలేదు.

గాలిమర స్తంభం నీడ జరిగినకొద్దీ బండిని జరుపుకుంటూ కూర్చున్నాను. ఆఖరి బోరింగ్. నాయనకు ఏమని చెప్పాలి?

నీడ రోడ్డు మీదికి పాకిన తర్వాత, ఇంజిన్ చల్లారి కిక్కు కదిలింది.

సాయంత్రం

తిప్పేష్ విప్పి, లైటు వేసి చూశాడు. సిలిండర్‌లో గీత పడలేదు, బతికిపోయినావు అన్నాడు. నేనొక్కణ్నే ఉన్నాను, డబుల్స్ పోలేదన్నాను. పోయినావప్పా, నీ కోపాన్ని ఎనక కూచోబెట్టుకొని పోయినావు అన్నాడు.

స్పానర్ విసిరేసి వచ్చాను. వాడన్నది నిజమే.

జూన్ 14

ఎక్కాల్సింది ఒక్కరు. ఆ ఒక్కరు నేనే ఎందుకు కావాలి? బండి అత్తకిస్తాను. నేను నడుస్తాను. ఇంజినూ నిలబడుతుంది, నా మాటా నిలబడుతుంది. ఈ సంగతి ఏ కరపత్రంలోనూ లేదు, నాకే తట్టింది.

చెబితే అత్త పగలబడి నవ్వింది. సైకిలు తొక్కి ముప్పై ఏండ్లాయ, ఇప్పుడు నన్ను సంపుతావా ఏందప్పా అంది. సైకిలు వచ్చినవాళ్లకు ఇదెంత అన్నాను.

జూన్ 15

బండి నేర్చుకుంటూ అత్త జాలి ముళ్లకంపలో పడింది. బండికేమైందని నేను అరిచాను. నాకేమైందని అడగవేమిరా అని ఆమె నాకంటే గట్టిగా అరిచింది. లేచి, ముల్లు పీక్కుని, మళ్లీ ఎక్కింది. యాక్సిలరేటర్ సగం దాకా కూడా తిప్పదు. భయం. ఇంజిన్‌కు కావాల్సింది అదే!

జూన్ 24

ఉదయం అత్త క్రాస్ దాకా పోయి, టీ అంగడి ముందు బండి నిలిపి ఆటో ఎక్కుతుంది. నేను నడిచి పోయి తెచ్చుకుంటాను. సాయంత్రం దాన్ని అక్కడే వదిలి నడిచి వస్తాను. ఊళ్లో నన్ను పిచ్చోడంటున్నారు. అననీ. తిప్పేష్ చెవి పెట్టి విని, ఈ సౌండు నీ చేతిలో వచ్చేది కాదప్పా అన్నాడు. ఈసారి కోపం రాలేదు. కొంచెమే వచ్చింది.

జూలై 12

ఐదొందలు నిండాయి. ఈ రోజు డబుల్స్. అత్త ముందు, నేను వెనక. ఊరు దాటగానే, కర్ర పట్టుకుని క్రాస్ వైపు నడుస్తున్న గంగప్ప తాత చెయ్యెత్తాడు. అత్త ఆపింది. తల తిప్పి నన్ను చూసింది.

దిగాను.