నా మెట్ల మీద లేని మాట

మంగళవారం, వన్ టౌన్

పొద్దున తొమ్మిదో తరగతికి కోపాన్ని చెప్పే ఇంగ్లీషు మాటలకి బోర్డు మీద మెట్లు గీశాను. కింద ఎనాయ్డ్, దానిపైన ఇరిటేటెడ్, తర్వాత యాంగ్రీ, అన్నిటికన్నా పైన ఫ్యూరియస్. "ఎంత మండితే అంత పై మెట్టు మాట వాడండి" అని చెప్పాను.

మధ్యాహ్నం పదో తరగతి ఇంగ్లీషు నా దగ్గర్నుంచి తీసేసి, మొన్న చేరిన సారుకి ఇచ్చారు. తొమ్మిదేళ్లుగా ఆ క్లాసు నాది. ఎందుకండీ అంటే, "పెద్ద పిల్లలు కదమ్మా, మగవాళ్లయితే కంట్రోల్ ఉంటుంది" అన్నారు ప్రిన్సిపాల్ గారు. ఒళ్లు మండిపోయింది.

స్టాఫ్ రూములో కూర్చుని ప్రిన్సిపాల్ గారికి లెటర్ రాశాను. ముందు ఫ్యూరియస్ అనే రాశాను. మా అమ్మాయి కూడా ఇదే స్కూల్లో చదువుతోందని గుర్తొచ్చి, కొట్టేసి యాంగ్రీ అని రాశాను. అదీ కొట్టేశాను. ఫెయిర్ కాపీలో చివరికి మిగిలింది 'కొంచెం డిసప్పాయింటెడ్'. ఆ మాట నా మెట్ల మీదే లేదు.

ఆయన చదివి నవ్వారు. "ఏంటి షబానా మేడం, ఫీలయ్యారా?"

"అబ్బే, లేదండీ" అన్నాను.

ఇప్పుడు ఆయన మీద కన్నా ఆ 'లేదండీ' మీదే ఎక్కువ మండుతోంది. రేపు ఫస్ట్ పీరియడ్ మళ్లీ తొమ్మిదో తరగతికే. పిల్లలు ఇంకా రాసుకోలేదని, బోర్డు మీద మెట్లు చెరపొద్దని నేనే చెప్పి వచ్చాను.