దవాఖాన బెంచీ మీద మూడో మనిషి

నల్లగొండ జిల్లా సూర్యాపేటకు చెందిన ముత్తయ్య, భద్రమ్మల పెద్ద కూతురు, కోదాడలో బి.ఎడ్. చదువుతున్న నాగరాణి అను నేను, ఇరవై రెండేళ్ల వయసులో, గుండె ఆపరేషన్‌కు హైదరాబాద్ బయలుదేరే ముందు, ఎవరి బలవంతమూ లేకుండా రాసుకున్న వీలునామా. చెడింది గుండె కవాటం ఒక్కటే, బుద్ధి సరిగ్గానే ఉంది. బతికి వస్తే మొదటి అంశం రద్దు. మిగతావి నేను బతికున్నా చెల్లుతాయి.

1. నానమ్మ కాటమ్మ నా పేర పట్టా చేయించిన గరిడేపల్లి అర ఎకరం చెల్లెలు శైలజకు చెందాలి. అమలు బాధ్యత మా లెక్చరర్ ధనుంజయ్ గారిది. ఆయన అమ్మ వైపు చుట్టం కారు, నాయిన వైపు చుట్టం కారు. ఈ పనికి ఆ అర్హత చాలు.

2. సైకిలు, నిఘంటువు కూడా శైలజకే. సైకిలు ఇప్పుడే తీసుకోవచ్చు. నిఘంటువులో నేను పెన్సిల్‌తో గీత గీసిన మాటలు చెరపవద్దు.

3. ఆరేళ్ల నుంచి నాయిన మిర్యాలగూడలో రైస్ మిల్లు పక్కన కిరాయి గదిలో, అమ్మ సూర్యాపేటలో ఉంటున్నారు. నేను ఇంటర్ నుంచి కోదాడ హాస్టల్‌లో ఉండి, ఒక వారం ఆయన దగ్గరికి, ఒక వారం ఈమె దగ్గరికి మాటలు మోశాను. "మీ నాయిన సచ్చిండో బతికిండో సూసి రాపోవే" అని అమ్మ అంటే, "అమ్మ నీ పానం ఎట్లున్నదని అడిగింది" అని చెప్పాను. "మీ అమ్మ మొకం యాదికొస్తే బువ్వ తినబుద్ధి గాదు" అని నాయిన అంటే, "నాయిన సక్కగ తింటలేడమ్మా" అని చెప్పాను. ఆ తీపి మాటలన్నీ నావి. అవతలి మనిషే ముందు దిగివస్తాడని ఇద్దరూ వాటిని నమ్మి కూర్చున్నారు. వాటిని ఇందుమూలంగా వెనక్కి తీసుకుంటున్నాను.

4. బి.ఎడ్.లో మంత్రణం, అంటే కౌన్సెలింగ్, పాఠం చదివాను. ఇద్దరి తగువు తెగనప్పుడు మూడో మనిషిని మధ్యలోకి లాగుతారట. ఇంటి మొత్తం జబ్బును ఒక్కరు మోస్తే, అందరూ ఆ ఒక్కరినే రోగి అంటారట. చదివి పుస్తకం మూసేశాను. పదకొండుసార్లు దవాఖానలో చేరాను. పదకొండుసార్లూ వాళ్లిద్దరూ ఒకే బెంచీ మీద, నా మందుల సంచి మధ్యలో పెట్టుకుని కూర్చున్నారు. నేను లేచి నడవగానే నాయిన మిర్యాలగూడ బస్సెక్కాడు. అందులో రెండుసార్లు నా ఆయాసం అబద్ధం. క్షమించమని అడగను. ఆ బెంచీ కోసం చేశాను.

5. దసరా నుంచి శైలజకు కడుపునొప్పి. స్కానింగ్‌లో ఏమీ కనబడలేదు. డాక్టర్‌కు అర్థం కాలేదు, నాకు అర్థమైంది. నొప్పి నిజమే, కానీ అది ఆ పదకొండేళ్ల పిల్లది కాదు. వాళ్లిద్దరి మధ్య నేను ఖాళీ చేయబోయే చోట శైలజను కూర్చోబెడుతున్నారు. ఆ చోటు నా స్వార్జితం. ఎవరికీ రాయడం లేదు. నాతోనే ఖతం.

6. అమ్మకూ నాయినకూ ఏమీ రాయడం లేదు. కోపం ఉన్న మాట నిజం. అయితే వాటా పొందేవాళ్లు సాక్షి సంతకం పెట్టకూడదట, ఇద్దరు సాక్షులు మాత్రం ఉండి తీరాలట. అందుకే వాటా తీసేసి వాళ్లనే సాక్షులుగా పెట్టుకున్నాను. పెన్ను ఒక్కటే ఇస్తాను. ముందు సంతకం పెట్టినవాళ్లు రెండోవాళ్లకు తమ చేత్తో ఇవ్వాలి. శైలజతో అడిగించరాదు, శైలజతో పంపరాదు.

సూర్యాపేట, 9 డిసెంబర్ 2012.

సంతకం: నాగరాణి

సాక్షులు:
1. భద్రమ్మ
2. ముత్తయ్య

రెండు సంతకాల మధ్య చాలాసేపు పట్టింది. ఆ తర్వాత అమ్మ పెన్ను చాపి "ఇగో, పట్టు" అన్నది. నాయిన పట్టుకున్నాడు. ఆ సమయంలో శైలజ ఇంట్లో లేదని, నా సైకిలు తీసుకుని వీధి చివరిదాకా పోయిందని ధ్రువీకరిస్తున్నాను.

నాగరాణి