నాన్న పోలిక

తమ్ముడూ,

ఫోన్‌లో చెబితే జోకులేసి మాట మార్చేస్తావు. అందుకే రాస్తున్నాను. కూర్చుని చదువు.

నాన్న కిడ్నీలోంచి తీసిన కణితి ముక్క మా ల్యాబ్ బీరువాలో, మైనపు దిమ్మలో ఇంకా ఉంది. సొంతవాళ్ల ముక్కలు మేం చూడకూడదన్నది మా పద్ధతి. ఇన్నేళ్లూ దాని జోలికి పోలేదు.

మొన్న ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి స్లైడు చూస్తున్నాను. ప్రతి కణంలో ఎర్రటి పెద్ద చుక్క, దాని చుట్టూ తెల్లటి వలయం. కన్నార్పకుండా నన్నే చూస్తున్నట్టుంది. అది వంశంలో దిగే అరుదైన క్యాన్సర్. ఆ మనిషి భుజాల మీద చలికి సలిపే బొడిపెలున్నాయని కూడా రాసి ఉంది.

నాకు నాన్న భుజాలు గుర్తొచ్చాయి. పద్ధతి పక్కనపెట్టి దిమ్మ తీశాను. అవే కళ్లు. ఈ జబ్బుంటే కణితికి పట్టని కొత్త రంగొకటి వేయించాను. మంచి కణాలకు పట్టింది, కణితికి పట్టలేదు. ఇక అనుమానం లేదురా. అప్పటినుంచి అద్దంలో తల దువ్వుకుంటున్నా ఆ కళ్లే.

నా భుజాలు నున్నగానే ఉన్నా పరీక్షకు రక్తం ఇచ్చాను. నువ్వేమో నీ బొడిపెలు చూపించి, "నాన్న పంచిన ఆస్తి ఇదేనక్కా" అని నవ్వుతావు.

భయపడకు. ముందే కనిపెడితే తీసేయొచ్చు. నాన్నకు ఆ అదృష్టం లేకపోయింది. ఈ వారమే రా.

పోయినసారి మీ అమ్మాయికి జడ వేయబోతే, "అత్తా, భుజం ముట్టుకోకు, చలికి సలుపుతోంది" అంది. అచ్చం తాత పోలికే అని మురిసిపోయాను.

తననీ తీసుకురా.

అక్క