రెండోసారి అడగరంట

అమ్మా సుజాతా,

ఎట్లున్నావు అని రాయబోయి ఆగిపోయాను. పోయినవాళ్ళను ఆ మాట అడగొచ్చో లేదో... నువ్వు పోయి పది నెలలైంది. నంద్యాలలో నేను ఉన్నాననే మాటే. కాళ్ళ వాపు తగ్గలేదు, ఆయాసం ఇంకొంచెం పెరిగింది. నా సంగతి వదిలేయ్. నీ బిడ్డ గురించి చెప్పాలని కూర్చున్నాను.

నీ దినాలప్పుడు ఆళ్ళగడ్డలో, మీ అత్తగారింటి వరండాలో, నీ ఆడబిడ్డ రమ, నీ మరిది సుధాకర్ ఇద్దరూ ఒకే మాటన్నారు. తండ్రి ముందే పోయాడు, ఇప్పుడు తల్లీ పోయింది, హాసినిని మేం పెంచుకుంటామని. రమది కెనడా, సుధాకర్‌ది అమెరికా. ఎండాకాలం సెలవుల్లో పిల్ల రెండు ఇళ్ళూ చూసొస్తే, దాని మనసు ఎక్కడ కుదిరితే అక్కడ అనుకున్నాం.

రెండు ఇళ్ళకూ మధ్యలో ఒక నది, దాని మీద ఒక వంతెన, అంతేనంట. పక్కపక్క ఊళ్ళు, మన శిరివెళ్లకూ ఆళ్ళగడ్డకూ ఉన్నంత తేడా కూడా ఉండదులే అనుకున్నాను. పిల్ల విమానం ఎక్కిన దగ్గర్నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. తప్పిపోతే? అడిగింది వాళ్ళకు అర్థం కాకపోతే?

మొదట రమ ఇంటికి పోయింది. అక్కడ మన మాదిరే ఎవరింటికి పోయినా చెప్పులు వాకిట్లో విడుస్తారంట. పాలు కూడా సంచుల్లోనే వస్తాయంట. వినగానే నాకు సగం దిగులు తీరింది. దారిలో ఎవరైనా తగిలితే, దెబ్బ తిన్నవాళ్ళే ముందు సారీ చెబుతారంట.

ఒకరోజు జ్వరమొచ్చింది. ముప్పై తొమ్మిది ఉందని రమ ఫోన్లో చెప్పింది. నూరు కూడా లేదంటే ఒళ్ళు చల్లబడిపోతోందనుకున్నాను. నీ ఒళ్ళు చల్లబడింది ఈ చేతుల్లోనే కదా... వాళ్ళ లెక్క వేరంట. మన నూటరెండంట. అమెరికాలో అయితే మన లెక్కేనంట. వంతెన దాటితే జ్వరం లెక్క కూడా మారిపోతుందా?

తర్వాత సుధాకర్ ఇంటికి పోయింది. అక్కడ అంగడిలో ముక్కూ మొహం తెలియని మనిషి నవ్వుతా ఎట్లున్నావు అని అడిగిందంట. నిజంగానే అడిగిందనుకుని మన పిల్ల, మా అమ్మ చచ్చిపోయింది అని చెప్పిందంట. ఆమె చెయ్యి బిల్లు కొట్టే మిషన్ మీదే ఆగిపోయిందంట. అది ఉత్త పలకరింపంట, జవాబు చెప్పేది కాదంట. ఇవన్నీ ముందే చెప్పేవాళ్ళు మనకెవరున్నారు?

తిరిగొచ్చేసరికి పిల్ల చెంపలు లోపలికి పోయాయి. మెల్లగా ఒక్కొక్కటే చెప్పింది. రమ ఇంట్లో అన్నం పెట్టనా అని మెత్తగా ఒక్కసారి అడుగుతారంట. వద్దంటే గిన్నె పక్కన పెట్టేస్తారంట. మళ్ళీ అడిగితే బలవంతపెట్టినట్టంట. సుధాకర్ ఇంట్లో ఆ ఒక్కసారి కూడా లేదు. ఫ్రిజ్ చూపించి, ఇది నీ ఇల్లే, కావాల్సింది తీసుకో అన్నారంట. ఒకరింట్లో మన పిల్ల తలుపు తీసి తింటుందా?

నువ్వు చెప్పిందే దాని తలలో ఉంది. "ఒకసారి అడిగితేనే పళ్ళెం చాపేది ఏందే? మూడుసార్లు అడగనీ. కరువులో పుట్టినదాని మాదిరి ఉండొద్దు."

అన్నం ఒక్కటే అయితే ఇంత కుమిలేదాన్ని కాదు. సుధాకర్ ఇంట్లో దించే రోజు రమ అడిగిందంట, నా దగ్గరే ఉండిపోతావా అని. మన పిల్ల వద్దత్తా అన్నదంట. సారీ తల్లీ, ఏం పర్లేదు అని రమ తల నిమిరి ఊరుకుందంట. కారు వెనక్కి తిరిగి కనపడకుండా పోయేదాకా, ఇంకోసారి అడుగుతుందని నీ బిడ్డ వాకిట్లోనే నిలబడిందంట సుజాతా...

దానికి రమ ఇల్లే ఇష్టం. జ్వరంలో రమ పక్కనే కూర్చుందంట, నీలాగా.

నేను రమకు ఫోన్ చేశాను. ఇరవై ఏండ్లలో ఆమె అక్కడి మనిషైపోయింది, మన "వద్దు" ఎట్లాంటిదో మరిచిపోయింది. చెబితే ఏడ్చింది. అయినా పిల్ల నోటితోనే వినాలంది. రేపు పెంపకం కాగితాలు చూసేవాళ్ళు కూడా పిల్లనే అడుగుతారంట. వద్దంటే అంతేనంట. ఆదివారం ఫోన్ చేసి మళ్ళీ అడుగుతానంది.

విడమరచి చెబితే హాసిని తల ఊపుతుంది. సరే అనడానికి నాలుక మాత్రం తిరగదు. నువ్వూ అంతే కదా... నొప్పి ఎక్కువగా ఉందా అని డాక్టరు అడిగితే "అంతేం లేదు సార్" అన్నావు. ఆయనా రెండోసారి అడగలేదు.

అందుకే నేనూ ఒక్కసారే అడుగుతున్నాను. ఈ మధ్యాహ్నం సంగటి ఇంకొంచెం పెట్టనా అన్నాను. వద్దవ్వా అంది. గిన్నె మీద మూత పెట్టేశాను. నా మొహం వైపే చూస్తా కూర్చుంది. నేను పొయ్యి వైపు తిరిగాను. కాసేపటికి లేచి చెయ్యి కడుక్కుంది. కడుపు నిండలేదని నాకు తెలుసు. నా ముద్ద పళ్ళెంలోనే ఎండిపోయింది.

నేను పోతే దీన్ని మూడుసార్లు అడిగేదెవరు?

సాయంత్రం కూడా ఒక్కసారే అడుగుతాను. ఆదివారం దాకా నువ్వు దాని చెవి దగ్గరికి రావద్దు తల్లీ. నీ మాట అది మరిచిపోవాలి.

మీ అమ్మ