లవీనియా తుపాకీ ఎవరికి చెందాలో

డెల్మర్, ముందు ఒక తప్పు దిద్దాలి. పోయిన ఆదివారం చర్చి హాల్లో, నోట్లో గుమ్మడికాయ తీపిరొట్టె ముక్క ఉండగానే, నలభై మంది ముందు నువ్వన్నావు: "మా ఇంటి గోడకున్నది మా ముత్తాత ఎజ్రా అంతర్యుద్ధంలో మోసిన తుపాకీ. అమ్మే పరీక్షించి చెప్పింది." నేను చెప్పలేదు. ఆ యుద్ధం 1865లో ముగిసింది; ఆ తర్వాత ఇరవై ఆరేళ్లకు గానీ ఆ తుపాకీ పుట్టలేదు.

ఇక అసలు సంగతి. పెన్సిల్వేనియా రాష్ట్రం, హాలెక్ క్రీక్ నివాసిని, కీర్తిశేషులు క్లైడ్ బ్రూబేకర్ భార్యను, ఎనభై ఒక్క ఏళ్ల ఓర్ఫా బ్రూబేకర్‌ను, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా చేత్తో నేనే ఈ వీలునామా రాస్తున్నాను. తెలివి ఉందని డాక్టరు ఇచ్చిన కాగితం జతచేశాను. కోపం ఉందా అని ఆయన అడగలేదు. ఉంది.

1. ఇంతకుముందు నేను రాసిన వీలునామాలన్నీ రద్దు. దీన్ని అమలుచేసే బాధ్యత నా మనవరాలు రోవీనాది. పాత కాగితంలో ఆ చోట దాని తండ్రి డెల్మర్ పేరుండేది. ఎందుకు తీసేశానో కింద ఉంది.

2. ఇల్లు, దాని కింద నేల, పొయ్యి మీది గడియారం డెల్మర్‌కు. ఆ గడియారం ఎవరికి కావలసిన టైము వాళ్లకు చూపిస్తుంది. నీకు సరిగ్గా సరిపోతుంది.

3. హాల్లో గోడకున్న రెండు గొట్టాల తుపాకీ. క్లైడ్ దాన్ని నా పేర రాసి పోయాడు కాబట్టి అది నా సొంతం. గొట్టాల మధ్య పట్టీ మీద 1887 అని ముద్ర ఉండేది. అది తుపాకీ పుట్టిన సంవత్సరం కాదు, పేటెంట్ తీసుకున్న సంవత్సరం. హైస్కూల్లో ముప్పై ఏళ్లు చరిత్ర చెప్పాను, శనివారాలు ఊరివాళ్ల తుపాకుల వయసు చెప్పాను; రెండు చోట్లా విసుగు లేకుండా చెప్పిన పాఠం ఇదొక్కటే. ఆ ముద్ర నీ కథకు అడ్డమని, డెల్మర్, నువ్వు గరుకు కాగితంతో దాన్ని అరగదీసి, పైన నల్లరంగు పట్టించావు. వందేళ్ల ఇనుము ముఖం గీకేశావు. నా కొడుకువి కాకపోతే షెరీఫ్‌ను పిలిచేదాన్ని.

పైకి కనిపించేదే అరగదీశావు. గొట్టాల కింద ముందువైపుండే చెక్క ఊడదీసి చూడాలని నీకు తట్టలేదు. అక్కడ 41207 అని నంబరు చెక్కుచెదరకుండా ఉంది. తయారీదారు రిజిస్టరు నకలు నా కార్డుల పెట్టెలో ఉంది. ఆ నంబరు 1891 వసంతంలో బయటికొచ్చింది. ఎజ్రా అంతకు ముందటి ఏడాదే ఇల్లు వదిలి పోయాడు.

కొత్తకోడలిగా వచ్చిన ఏడాది బంగాళాదుంపలు ఒలుస్తూ క్లైడ్ నాయనమ్మ, ఎజ్రా భార్య లవీనియా నాతో అన్నది: "పోతూ పోతూ యుద్ధం తుపాకీ, గుర్రం రెండూ పట్టుకుపోయాడు పిల్లా. నాకు మిగిల్చింది ఐదు నోళ్లు. అందుకే నాదంటూ ఒకటి కొనుక్కున్నాను." ఎజ్రా ఆరడుగుల రెండంగుళాల మనిషి. లవీనియా నా భుజం దాకా ఉండేది. ఈ తుపాకీ మడమ, అంటే భుజానికి ఆనించే చెక్క చివర, అంగుళమున్నర కోసి పొట్టి చేసి ఉంది. దాని మీది రేకు తీస్తే మాంసం కోసే రంపపు గాట్లు కనిపిస్తాయి. ఆ ఐదు నోళ్లనూ కుందేళ్లు, టర్కీలు, జింకలు కొట్టి నింపిన మనిషిని పక్కకు తోసి, తుపాకీని మ్యూజియానికిచ్చి, అక్కడి అద్దాల పెట్టెలో పారిపోయినవాడి పేరు రాయిస్తావా? అదీ నా పేరు సాక్ష్యం పెట్టి?

"చచ్చిపోయినవాళ్లకి తేడా ఏం తెలుస్తుందమ్మా? నువ్వు పోయాక ఎలాగూ ఆ పేరే పెట్టిస్తాను" అన్నావు. ఆ మాటే ఈ కాగితం రాయించింది. తుపాకీ రోవీనాకు ఇస్తున్నాను. అది ఏ మ్యూజియానికీ ఎజ్రా పేరుతో వెళ్లకూడదు. వాళ్లకు నిన్ననే ఉత్తరం వేశాను. రోవీనా, అది నీ భుజానికి అతికినట్టు సరిపోతుంది, చూశాను. కానీ పేల్చకు. ఆ మెలితిప్పిన ఇనుప గొట్టాలు ఇప్పటి తుపాకీమందు దెబ్బకు ఆగవు.

4. నా భూతద్దం పక్కింటి హోబర్ట్ క్లింగర్‌కు. పేటెంట్ తేదీయే పుట్టిన తేదీ అని ఇరవై ఏళ్లుగా నాతో వాదించాడు. ఇప్పుడన్నా చూడమనండి.

5. క్లైడ్ వేట కోటు డెల్మర్‌కు. వీపున ఆయన ఆఖరి ఏడాది వేట లైసెన్సు ఇంకా గుచ్చే ఉంది. ఎడమ జేబులో అడవిలో హికరీ చెట్టు కింద రాలిన గట్టి కాయ ఒకటి ఉంటుంది. నీ ఏడో ఏట ఏరి మీ నాన్నకిచ్చావు. ఆయన తీయలేదు, నేనూ తీయలేదు. నువ్వూ తీయకు.

6. రోవీనా, నా అంత్యక్రియల మర్నాడు ఒక పని. వంటింటి రెండో సొరుగులో పసుపు పిడి స్క్రూడ్రైవర్ ఉంది, అదే తీసుకో. వేరేది స్క్రూ తల మీది గాడి చెడగొడుతుంది. మడమ రేకు రెండు స్క్రూలూ తీయి. దీంతో జతచేసిన చీటీ లోపల పెట్టు. దాని మీద ఇంతే రాశాను: "1891. లవీనియా బ్రూబేకర్‌ది." స్క్రూలు తిరిగి బిగించేటప్పుడు రెండింటి గాడులూ నిలువుగా ఉండాలి. ఇప్పుడూ అలాగే ఉన్నాయి.

21 నవంబరు 1987, శనివారం.

(సంతకం) ఓర్ఫా బ్రూబేకర్

సాక్షులు: గ్రంథాలయం మిల్డ్రెడ్ ఫౌస్ట్, తపాలా ఆఫీసు లూథర్ యోస్ట్. ఇద్దరికీ ఇందులో ఏమీ ఇవ్వలేదు, అందుకే పిలిచాను.